టిక్కెట్టు కొని ఎక్కిన ఓడదొంగలు

దక్షిణ చైనా తీరాన 1920లలో స్టీమర్లను దోచినవాళ్ళకు సొంత ఓడ అవసరం ఉండేది కాదు. షాంఘైలోనో, అమోయ్‌లోనో, సింగపూర్‌లోనో అందరితోపాటు టిక్కెట్టు కొనుక్కుని, మూటాముల్లె పట్టుకుని ఎక్కేవారు. ఎక్కువమంది డెక్ మీద కూలీజనం మధ్య చాపలు పరుచుకునేవారు. ఒకరిద్దరు మంచి దుస్తులు వేసుకుని, వ్యాపారుల్లాగా పైతరగతి గదుల్లో ఉండేవారు. అధికారులు ఎప్పుడు భోజనానికి కూర్చుంటారు, ఓడను నడిపే బ్రిడ్జి మీద కాపలా ఎప్పుడు మారుతుంది, తుపాకులు ఎక్కడ దాస్తారు అన్నది ఒకటి రెండు రోజులు ఓపికగా గమనించేవారు. ఆ తర్వాత అనుకున్న సైగ వినపడగానే తలా ఒక దిక్కుకు ఉరికేవారు. నిమిషాల్లో బ్రిడ్జి, ఇంజను గది, వైర్‌లెస్ గది మూడూ వాళ్ళ చేతికి వచ్చేవి.

ఇక కెప్టెన్ కణతకు తుపాకి ఆనించి, ఓడను ఎటు తిప్పాలో చెప్పేవారు. దీపాలు ఆర్పించేవారు. కొన్నిసార్లు పొగగొట్టం రంగు మార్చి, ఓడ పేరు మీద వేరే పేరు రాసేవారు. దారిలో ఎదురైన ఓడలు దాన్ని గుర్తుపట్టలేక పక్కనుంచే సాగిపోయేవి. గమ్యం దాదాపు ఎప్పుడూ ఒకటే. అది హాంకాంగ్‌కు ఈశాన్యంగా, అరవై మైళ్ళకు కాస్త అటూ ఇటూగా ఉన్న బయాస్ బే. చైనావాళ్ళు దాన్ని దాయా అంటారు.

చుట్టూ కొండలు, లోపల చిన్న చిన్న దీవులు, ఒడ్డున బెస్తవాళ్ళ పల్లెలు ఉన్న విశాలమైన అఖాతం అది. భూమార్గాన అక్కడికి చేరడం కష్టం. ఓడ లంగరు వేయగానే ఒడ్డునుంచి జంకులు, సాంపాన్లు అనే నాటు పడవలు వచ్చి చుట్టుకునేవి. వెండి నాణేలు, నగలు, పట్టుబట్టలు, ప్రయాణికుల పెట్టెలు అన్నీ వాటిలోకి దిగేవి. వాటితోపాటు మనుషులూ దిగేవారు. డబ్బున్నవాడిలా కనిపించిన ప్రతి చైనా ప్రయాణికుణ్ణీ బందీగా కొండల్లోకి తోలుకుపోయి, ఇంటికి కబురు పంపి, సొమ్ము వచ్చేదాకా ఉంచుకునేవారు. పని పూర్తయ్యాక ఓడను, యూరోపియన్ అధికారులను సాధారణంగా వదిలేసేవారు. ఖాళీ అయిన ఓడ మర్నాటికి హాంకాంగ్ చేరి, తన కథ చెప్పుకునేది.

ఆ కథ ఇంగ్లీషు పత్రికల్లోకి ఎక్కేటప్పుడు అందులో కెప్టెన్‌కూ, రెండో ఆఫీసరుకూ, కాపాడడానికి వచ్చిన యుద్ధనౌకకూ పేర్లుండేవి. డెక్ ప్రయాణికులు చాలాసార్లు ఒక అంకెగా మాత్రమే కనిపించేవారు. అయితే ఈ దోపిడీల భారాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మోసింది వాళ్ళే.

వాళ్ళెవరో తెలిస్తే దొంగలు ఆ ఓడలనే ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది. స్వాటౌ, అమోయ్ రేవులనుంచి ఏటా వేలకు వేలు జనం మలయా, డచ్చి ఇండీస్, సయాం దేశాలకు పనికి వెళ్ళేవారు. తోటల్లో, గనుల్లో, దుకాణాల్లో ఏళ్ళతరబడి కష్టపడి కూడబెట్టిన సొమ్మును మొలలోనో మూటలోనో దాచుకుని తిరిగొచ్చేవారు. ఒక్క ఓడలో వందలమంది ఇలాంటివాళ్ళు ఉండేవారు. ఒక్కొక్కరి దగ్గర ఉన్నది కొంచెమే, అందరిదీ కలిస్తే పెద్ద నిధి.

ఈ సంగతి పంతొమ్మిదో శతాబ్దంలోనే దొంగలకు తెలుసు. 1890 డిసెంబరు 10న హాంకాంగ్ నుంచి స్వాటౌకు బయల్దేరిన నమోవా అనే స్టీమరును ప్రయాణికుల వేషంలో ఎక్కినవాళ్ళు పట్టుకున్నారు. కెప్టెన్ పోకాక్ చనిపోయాడు. విదేశాల్లో సంపాదించుకుని ఊళ్ళకు వెళ్తున్నవాళ్ళంతా సర్వం పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు చైనా అధికారులు నేరస్థులను పట్టి, కౌలూన్ ఇసుకతీరంలో తలలు నరికించారు. ఆ దృశ్యాన్ని ఫోటో తీశారు. తెగిపడిన తలల వెనక విదేశీయులు నిలబడి ఉన్న ఆ బొమ్మ చాలాకాలం చేతులు మారింది.

ఆ శిక్ష ఎవరినీ భయపెట్టలేదు. 1906 జులైలో పశ్చిమ నది మీద సైనామ్ అనే బ్రిటిష్ స్టీమరును ఇలాగే కొల్లగొట్టారు. అందులో ప్రయాణిస్తున్న మెథడిస్టు వైద్య మిషనరీ డాక్టర్ మెక్‌డొనాల్డ్ హతుడయ్యాడు. 1914 ఏప్రిల్‌లో తైఆన్ వంతు వచ్చింది. హాంకాంగ్ నుంచి కాంగ్‌మూన్ వెళ్తున్న ఆ ఓడలో అధికారులు, కాపలావాళ్ళు ఇనుప ఊచల వెనక బ్రిడ్జి మీద నిలిచి లొంగకుండా పోరాడారు. పైకి రాలేకపోయిన దొంగలు ఓడకు నిప్పుపెట్టారు. మంటలకూ నీళ్ళకూ మధ్య చిక్కుకున్న ప్రయాణికుల్లో వందమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తైఆన్ తగలబడిన ఏడాదే హాంకాంగ్ ప్రభుత్వం ఓడదోపిడీల నివారణకు చట్టం చేసింది. ఆ చట్టమూ దాని నిబంధనలూ ఓడ ఆకారాన్నే మార్చేశాయి. బ్రిడ్జినీ, ఇంజను గదినీ, అధికారుల గదులనూ ప్రయాణికుల డెక్ నుంచి తైఆన్‌లో ఉన్నలాంటి ఇనుప కటకటాలతో వేరుచేశారు. తలుపులకు తాళాలు, ఆ తాళాల దగ్గర తుపాకులు పట్టిన కాపలాదారులు వచ్చారు. ఎక్కేముందు రేవులో మనుషులనూ సామానునూ సోదా చేసేవారు.

కాగితం మీద ఈ ఏర్పాటు సబబుగానే కనిపిస్తుంది. డెక్ మీద కూర్చున్నవాడి వైపునుంచి చూస్తే వేరు. టిక్కెట్టు కొన్న ప్రతి చైనా మనిషీ దొంగ అయి ఉండవచ్చన్న అనుమానం మీద ఈ కటకటాలను కట్టారు. నిజంగా దొంగలు తిరగబడినప్పుడు, వాళ్ళతోపాటే ఊచల అవతలి పక్కన చిక్కుకునేది ఆ అమాయక జనమే. కాల్పులు జరిగితే రెండువైపుల గుళ్ళకూ మధ్యలో ఉండేదీ వాళ్ళే. ఓడ అంటుకుంటే బయటపడే దారి మూసుకుపోయేదీ వాళ్ళకే. తైఆన్‌లో జరిగినది యాదృచ్ఛికం కాదని తర్వాతి పదిహేనేళ్ళు మళ్ళీ మళ్ళీ చూపించాయి.

1911 విప్లవంతో చింగ్ వంశపు పాలన కూలింది. తర్వాత చైనా సైనిక నాయకుల చేతుల్లో ముక్కలైంది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒకరి తర్వాత ఒకరు సేనలతో వచ్చారు, ఓడారు, పోయారు. జీతాలందని సైనికులు తుపాకులతో సహా ఊళ్ళ మీద పడ్డారు. తుపాకి దొరకడం తేలికైంది, అన్నం దొరకడం కష్టమైంది. రాష్ట్ర రాజధాని కాంటన్ నుంచి ఏలుతున్నామన్నవాళ్ళ మాట బయాస్ బే కొండలదాకా చేరేది కాదు. హాంకాంగ్ పోలీసులకు ఆ నేల మీద అధికారం లేదు. దొంగకు కావలసిన ఆశ్రయం ఈ ఇద్దరి మధ్య మిగిలిన జాగాలో దొరికింది.

1922 నవంబరులో మకావు నుంచి హాంకాంగ్‌కు వస్తున్న సుయ్‌ఆన్ అనే ఓడను పట్టుకుని బయాస్ బేకు తీసుకుపోయారు. ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం నలభై మైళ్ళే. కొన్ని గంటల ప్రయాణంలో కూడా భద్రత లేదని అప్పుడు తేలింది. ఆ తర్వాత దోపిడీలు ఏటేటా పెరిగాయి. 1925 జూన్ నుంచి 1926 అక్టోబరు దాకా హాంకాంగ్‌ను స్తంభింపజేసిన సమ్మె, బ్రిటిష్ సరుకుల బహిష్కరణల కాలంలో బ్రిటిష్ అధికారులకూ కాంటన్ ప్రభుత్వానికీ మాటామంతీ తెగిపోయింది. కలిసి దొంగలను పట్టడమన్నది ఆలోచనలోకి కూడా రాలేదు.

1926 నవంబరులో సన్నింగ్ ఓడ మీద జరిగిన పోరాటం ఆ రోజుల్లో ప్రపంచమంతటా వార్త అయింది. చైనా నావిగేషన్ కంపెనీకి చెందిన ఈ ఓడ అమోయ్ దాటి హాంకాంగ్ వైపు వస్తుండగా దొంగల చేతికి చిక్కింది. ఆ రాత్రి ఆఫీసరు బీటీ, కాపలా ఉన్న దొంగ ఏమరుపాటు చూసి, లోతు కొలిచే సీసపు గుండుతో అతన్ని పడగొట్టాడు. అధికారులు ఆయుధాలు చేజిక్కించుకుని బ్రిడ్జిని తిరిగి పట్టుకున్నారు. దొంగలు బందీలను ముందు నిలబెట్టుకుని పైకి రావాలని చూశారు, సాగలేదు. చివరికి ఓడ నడుమ నిప్పుపెట్టారు. అధికారులు ఓడ ముఖాన్ని గాలికి ఎదురుగా తిప్పేలా చేసి, మంటలూ పొగా దొంగలవైపే వెళ్ళేట్టు చూశారు. ఓపలేక దొంగలు పడవలు దించుకుని పారిపోయారు. బ్లూబెల్ అనే బ్రిటిష్ యుద్ధనౌక సాయానికి వచ్చింది.

ఆ అధికారుల ధైర్యం మెచ్చుకోదగినదే. అయితే పన్నెండేళ్ళ కిందటి తైఆన్‌లో లాగే ఇక్కడా బ్రిడ్జిని నిలబెట్టుకుంటే మంటలు తప్పలేదు. పోరాడమని చట్టం అధికారులకు చెబుతోంది, పోరాడితే ఏమవుతుందో డెక్ మీది జనానికి తెలుసు.

1927 మార్చిలో హాప్‌సాంగ్ అనే ఓడను బయాస్ బేకు మళ్ళించి దోచుకున్నాక బ్రిటిష్ నౌకాదళం సహనం కోల్పోయింది. విమానవాహక నౌక హెర్మిస్ సహా కొన్ని యుద్ధనౌకలు ఆ నెల 23న అఖాతంలోకి వెళ్ళాయి. నావికులు ఒడ్డున దిగి, దొంగలకు ఆశ్రయమిస్తున్నాయని తాము నిర్ధారించిన పల్లెల్లో ఇళ్ళనూ పడవలనూ తగలబెట్టారు. ఆ పల్లెల్లో దొంగలు ఉండి ఉండవచ్చు. పడవే బతుకుతెరువైన బెస్తవాళ్ళు మాత్రం తప్పకుండా ఉన్నారు. పరాయి దేశపు నేల మీద విచారణ లేకుండా వేసిన ఈ శిక్షకు ఫలితం ఏమిటంటే, ఏడు నెలలు తిరక్కుండానే మరో ఓడ అదే అఖాతానికి వచ్చింది.

ఆ ఓడ ఐరీన్. అది చైనా మర్చంట్స్ స్టీమ్ నావిగేషన్ కంపెనీది, అంటే చైనావాళ్ళ సొంత ఓడ. 1927 అక్టోబరులో షాంఘై నుంచి అమోయ్ వెళ్తుండగా దొంగలు దాన్ని పట్టుకున్నారు. బయాస్ బే ముఖద్వారంలో ఎల్4 అనే బ్రిటిష్ జలాంతర్గామి రాత్రి చీకట్లో పొంచి ఉంది. దీపాలు లేకుండా వస్తున్న ఓడను ఆగమని హెచ్చరించింది. ఆగకపోయేసరికి కాల్చింది. గుండు తగిలి ఓడ అంటుకుంది, తర్వాత మునిగింది. ఎల్4 నావికులు, సాయంగా వచ్చిన ఇతర నౌకలవాళ్ళు నీళ్ళలోంచి రెండు వందలమందికి పైగా జనాన్ని పైకి లాగారు. కొందరు దక్కలేదు. కాపాడినవాళ్ళలో ప్రయాణికులెవరో, దొంగలెవరో వెంటనే తెలియలేదు. అందరినీ హాంకాంగ్ తీసుకుపోయి విడదీయవలసి వచ్చింది. తమ ఓడను ముంచినందుకు కంపెనీ నష్టపరిహారం అడిగింది. చైనా జెండా ఎగరేసిన ఓడ మీద, చైనా తీరంలో, బ్రిటిష్ నౌక కాల్పులు జరపవచ్చా అన్న ప్రశ్న చాలాకాలం నడిచింది.

తర్వాతి ఏడాది సెప్టెంబరులో అన్‌కింగ్ అనే ఓడ సింగపూర్ నుంచి హాంకాంగ్ వస్తోంది. డెక్ మీద వెయ్యిమందికి పైగా ఇళ్ళకు తిరిగొస్తున్న కూలీలున్నారు. దొంగల దాడిలో ఇద్దరు అధికారులు చనిపోయారు, కెప్టెన్ గాయపడ్డాడు. ఏళ్ళ కష్టార్జితం ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న ఆ కూలీల గురించి రాసినవాళ్ళు తక్కువ. 1929 డిసెంబరులో డగ్లస్ కంపెనీ ఓడ హైచింగ్ మీద మళ్ళీ పాత కథే జరిగింది. అధికారులు ఎదురు తిరిగారు, దొంగలు నిప్పుపెట్టారు, ప్రయాణికులు సముద్రంలోకి దూకారు, డిస్ట్రాయర్లు వచ్చి మిగిలినవాళ్ళను రక్షించాయి.

ఈ ఓడల మీద కాపలా కాసినవాళ్ళలో భారతీయులు ఎక్కువ. పంజాబు నుంచి వచ్చిన సిక్కులు, ముస్లింలు హాంకాంగ్ పోలీసుల్లో అప్పటికే పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఓడల రక్షణకు కూడా వాళ్ళనే పెట్టారు. కొన్నాళ్ళు బ్రిటిష్ సైనికులూ, మరికొన్ని ఓడల మీద విప్లవానంతరం దేశం విడిచి వచ్చిన రష్యన్లూ ఆ పని చేశారు. దొంగలు మొదట గురిపెట్టేది వీళ్ళ మీదే. ముగ్గురు నలుగురు కాపలాదారులు వందలమంది జనంలో ఎవరు ఎప్పుడు తుపాకి తీస్తారో తెలియకుండా రాత్రింబవళ్ళు నిలబడాలి. ఆ ఉద్యోగంలో చనిపోయినవాళ్ళలో సిక్కులూ ఉన్నారు, రష్యన్లూ ఉన్నారు.

కాపలా ఖర్చు ఎవరు భరించాలన్నది తెగని తగవు. సైనికుల్ని ఇవ్వాల్సింది ప్రభుత్వమేనని కంపెనీలు అన్నాయి. లాభం కంపెనీలదైనప్పుడు రక్షణ ఖర్చు కూడా వాళ్ళదేనని ప్రభుత్వం అంది. కటకటాలు మంటల్లో ఉరి బిగిస్తాయనీ, కొద్దిపాటి ఆయుధాలతో తమను పోరాడమనడం అన్యాయమనీ ఓడల అధికారులు మొరపెట్టుకున్నారు. అసలు చిక్కు ఓడెక్కే రేవులో ఉంది. హాంకాంగ్‌లో సోదా గట్టిగా జరిగినా, మిగతా రేవుల్లో అంత కట్టుదిట్టం లేదు. ఓడ సిబ్బందిలోనో, సరుకు మోసేవాళ్ళలోనో ఒక్కడు కలిసినా ఆయుధాలు లోపలికి చేరేవి. ఈ వాదోపవాదాల్లో డెక్ ప్రయాణికుల తరఫున కూర్చున్నవాళ్ళెవరూ లేరు.

చట్టానికి కూడా ఈ సముద్రం కొత్త ప్రశ్నలు వేసింది. 1931 జనవరిలో సముద్రం మధ్యలో రెండు జంకుల్లో వచ్చిన సాయుధులు ఒక సరుకు జంకును తరుముతూ కాల్పులు జరిపారు. దారిలో వెళ్తున్న స్టీమర్లు అడ్డుపడ్డాయి, బ్రిటిష్ యుద్ధనౌక వచ్చి వాళ్ళను పట్టుకుంది. దోపిడీ మాత్రం జరగలేదు. దోచుకోకుండా ఓడదొంగ ఎలా అవుతాడని హాంకాంగ్ న్యాయస్థానం వాళ్ళను విడిచిపెట్టింది. ఆ ప్రశ్న వలసల అప్పీళ్ళు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళింది. దోచుకోవాలని చేసిన ప్రయత్నం విఫలమైనా అది ఓడదొంగతనమేనని 1934లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. సముద్ర న్యాయం చదివేవాళ్ళు నేటికీ ఆ తీర్పును చదువుతారు. అయితే అది ఒక ఓడ మరో ఓడ మీద పడిన కేసు. టిక్కెట్టు కొని లోపలినుంచే ఓడను పట్టుకున్నవాళ్ళ సంగతి అంతర్జాతీయ చట్టంలో తేలకుండానే మిగిలింది.

ఆ లోపు ఉత్తరాన కూడా పరిస్థితి చెడింది. 1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించాక అక్కడి తీరాల్లో బందిపోటు ముఠాలు చెలరేగాయి. 1933 మార్చిలో న్యూచ్వాంగ్ రేవు బయట ఆగి ఉన్న నాన్‌చాంగ్ ఓడ మీదనుంచి నలుగురు బ్రిటిష్ అధికారులను ఎత్తుకుపోయి ఐదు నెలలకు పైగా బందీలుగా ఉంచారు.

1935 జనవరి చివర షాంఘై నుంచి ఉత్తరానికి బయల్దేరిన టంగ్‌చౌ ఓడలో సెలవులు ముగించుకుని చీఫూలోని మిషనరీ బడికి తిరిగి వెళ్తున్న పిల్లలు దాదాపు డెబ్భైమంది ఉన్నారు. దొంగలు ఒక రష్యన్ కాపలాదారుణ్ణి చంపి ఓడను దక్షిణంగా తిప్పారు. పొగగొట్టానికి రంగు వేసి, జపాను ఓడ పేరు రాశారు. అందులో పెద్ద మొత్తంలో బ్యాంకు నోట్లు ఉన్నాయని వాళ్ళకు ఉప్పందింది. నోట్లు దొరికాయి, వాటిమీద ఇంకా సంతకాలు పడలేదు. ఓడ జాడ తెలియక మూడు రోజులు గడిచాక హెర్మిస్ నుంచి ఎగిరిన విమానాలు బయాస్ బే దగ్గర దాన్ని కనిపెట్టాయి. దొంగలు హడావిడిగా దిగిపోయారు. పిల్లలందరూ క్షేమంగా హాంకాంగ్ చేరారు. దొంగలు తమతో మంచిగానే ఉన్నారనీ, కమలాపళ్ళు ఇచ్చారనీ వాళ్ళు చెప్పిన కబుర్లు పత్రికలన్నీ అచ్చువేశాయి.

ఆ కాలపు పాఠకులకు ఇలాంటి కథలు బాగా నచ్చాయి. అలెకో లిలియస్ అనే విలేకరి చైనా ఓడదొంగలతో కలిసి ప్రయాణించానని 1930లో పుస్తకం రాసి, లై చోయ్ సాన్ అనే దొంగల రాణిని లోకానికి పరిచయం చేశాడు. ఆమె గురించి అతను చెప్పినదాంట్లో నిజమెంతో చరిత్రకారులు ఇప్పటికీ సందేహిస్తారు. జంకు మీద పట్టుబట్టల్లో నిలబడిన రాణి బొమ్మ జనం మనసులో నిలిచింది. మూటలో దాచిన నాలుగు వెండి నాణేలు పోగొట్టుకుని, ఊరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియని కూలీ బొమ్మను ఎవరూ గీయలేదు.

బయాస్ బే దొంగల కాలాన్ని ముగించింది పోలీసులూ కాదు, కటకటాలూ కాదు. 1937లో జపాన్ చైనా మీద పూర్తి యుద్ధానికి దిగి తీరాన్ని దిగ్బంధించింది. 1938 అక్టోబరు 12న జపాన్ సేనలు బయాస్ బేలోనే ఒడ్డెక్కి, పది రోజులు తిరక్కుండా కాంటన్‌ను పట్టుకున్నాయి. యుద్ధం ముగిశాక 1947 డిసెంబరులో వాన్ హ్యూట్స్ అనే డచ్చి ఓడను తిరిగి అదే పద్ధతిలో దోచారు. 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి, తీరమంతా ఒకే అధికారం కిందికి చేరాక దొంగలకు దాక్కునే చోటు లేకుండా పోయింది. ఇప్పుడు ఆ అఖాతం ఒడ్డున అణువిద్యుత్ కేంద్రం ఉంది. 1994 నుంచి అక్కడినుంచి హాంకాంగ్‌కు కరెంటు అందుతోంది.

పద్ధతి మాత్రం ఓడ దిగి విమానం ఎక్కింది. 1948 జులై 16న మకావు నుంచి హాంకాంగ్‌కు మిస్ మకావు అనే సముద్ర విమానం బయల్దేరింది. ఇరవై ఆరేళ్ళ కిందట సుయ్‌ఆన్ నడిచిన దారే అది. టిక్కెట్టు కొని ఎక్కిన నలుగురు, డబ్బున్న ప్రయాణికులను పట్టి విడుదల సొమ్ము రాబట్టాలనుకుని పైలట్‌కు తుపాకి గురిపెట్టారు. పెనుగులాటలో విమానం కూలింది. అందులోని 26 మందిలో 25 మంది చనిపోయారు. బతికినవాడు ఆ నలుగురిలో ఒకడు. హాంకాంగ్‌లో నమోదైన విమానం, పోర్చుగీసు రేవునుంచి బయల్దేరింది, కూలింది సముద్రంలో. విచారించే అధికారం తమదని ఏ కోర్టూ ముందుకు రాలేదు. 1951లో అతన్ని వదిలేశారు.

ప్రయాణికులుగా ఎక్కి ఓడను లోపలినుంచి స్వాధీనం చేసుకోవడాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించిన అంతర్జాతీయ ఒప్పందం 1988లో రోమ్‌లో కుదిరింది. 1985లో మధ్యధరా సముద్రంలో అకిలె లౌరో అనే ఇటలీ విహారనౌకను అలా పట్టుకున్నాక దేశాలు కదిలాయి. నేరస్థుణ్ణి విచారించడమో, విచారించే దేశానికి అప్పగించడమో తప్పదని ఆ ఒప్పందం చెబుతుంది. స్వాటౌ, అమోయ్ కూలీల మూటలు బయాస్ బే పడవల్లోకి దిగిన రోజుల్లో, దొంగ ఒడ్డు చేరాక వెంటబడవలసిన బాధ్యత ఎవరి మీదా పెట్టని చట్టమే నడిచింది.